ఏ తేదీ నాటి ఓడ కడుతున్నారు? జపాన్ యుద్ధనౌకల కిట్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వున్నాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ నేవీ ఓడల ప్లాస్టిక్ కిట్లు, అంటే ముక్కలు అతికించి కట్టుకునే చిన్న నమూనాలు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు రాశారు, కిట్ కొని ఏళ్ళ తరబడి పెట్టె మూత కూడా తియ్యనివాళ్ళు రాశారు, ఒక ఓడ పూర్తి చేసేసి "ఇంతకీ ఇది కరెక్టేనా" అని అనుమానంలో పడ్డవాళ్ళూ రాశారు. అందుకని ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట కలిపి ఒకటిగా రాశాను.

ప్రశ్న: మా బావగారు 1/700 స్కేల్ లో (అసలు ఓడకి ఏడు వందల వంతు) యుకికాజే అనే డిస్ట్రాయర్ (చిన్న, వేగమైన యుద్ధనౌక) కిట్ ఇచ్చారు. ఇదే నా మొదటి ఓడ. పెట్టెలో మాస్టులు రెండు రకాలున్నాయి, వెనక టరెట్ (గన్లు బిగించిన తిరిగే గూడు) ఒకటి పెట్టమని ఒక బొమ్మలో, పెట్టొద్దని ఇంకో బొమ్మలో వుంది. ఒక బొమ్మ కింద 1940, ఇంకోదాని కింద 1945 అని రాసుంది. ఏది కట్టాలండీ? నచ్చినవి తీసుకుని కలిపి కట్టేస్తే తప్పా?

జవాబు: తప్పు అని ఎవరూ అనరు, ఓడ మీది. కానీ మొదటి ఓడ కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తా, గ్లూ మూత తీసే ముందు ఒక తేదీ అనుకోండి. కనీసం సంవత్సరం. ఎందుకంటే యుద్ధనౌక కట్టిన రోజు ఎలా వుందో మునిగిన రోజు అలా వుండదు, డాక్ లోకి వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి పీకుతారు, ఏదో ఒకటి బిగిస్తారు. మీ పెట్టెలో ఎక్కువ పార్టులు వుండటానికి కారణం అదే, ఒకే ఓడ రెండు వయసులు అందులో వున్నాయి.

యుకికాజే అంటే మంచుగాలి అని అర్థం. జపాన్ వాళ్ళు డిస్ట్రాయర్లకి చాలావరకు గాలి, వాన, అల, పొగమంచు లాంటి పేర్లే పెట్టేవాళ్ళు. కగెరో క్లాస్ ఓడ ఇది, పొడవు 118.5 మీటర్లు, ససెబో నేవల్ ఆర్సెనల్ లో (నేవీ సొంత ఓడల కార్ఖానా) కట్టారు, 1939 మార్చిలో నీళ్ళలోకి దించారు, 1940 జనవరిలో నేవీలో చేరింది. అప్పుడు దానికి 12.7 సెంటీమీటర్ల జంట గన్ టరెట్లు మూడు, ముందు ఒకటి, వెనక ఒకదాని మీద ఒకటి వున్నట్టు రెండు. మధ్యలో 61 సెంటీమీటర్ల టార్పెడో ట్యూబులు నాలుగేసి చొప్పున రెండు సెట్లు. ఇది మీ 1940 బొమ్మ.

తర్వాత యుద్ధం మారిపోయింది, ఓడల కన్నా విమానాలే పెద్ద శత్రువులయ్యాయి, అందుకని వెనకున్న రెండు టరెట్లలో పైదాన్ని తీసేసి ఆ చోట విమానాల్ని కొట్టే 25 మిల్లీమీటర్ల మూడు గొట్టాల గన్లు పెట్టారు, బ్రిడ్జి (ఓడని నడిపించే గది) ముందు ఇంకో జంట గన్, డెక్ మీద ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సింగిల్ గన్లు. ముందు మాస్టుకి బాకా ఆకారంలో వుండే 22 నంబర్ రాడార్, వెనక మాస్టుకి నిచ్చెన లాగా వుండే 13 నంబర్ రాడార్ వచ్చాయి. మీకు మాస్టులు రెండు రకాలు ఎందుకిచ్చారో అర్థమైంది కదా. 1940 టరెట్లు పెట్టి 1945 రాడార్ మాస్టు నిలబెడితే అలాంటి ఓడ ఏ ఒక్క రోజూ సముద్రం మీద లేదు, నా బాధ అదొక్కటే.

నన్ను అడిగితే 1945 కట్టండి. పని ఎక్కువే, చిన్న గన్లు అతికించేసరికి కళ్ళు లాగుతాయి, కానీ ఈ ఓడ కథంతా ఆ రూపంలోనే వుంది. జావా సముద్రం, మిడ్వే, గ్వాడల్ కెనాల్, బిస్మార్క్ సముద్రం, ఫిలిప్పీన్స్ అన్నీ చూసి వచ్చింది, 1944 నవంబర్లో షినానో అనే మహా విమానవాహక నౌకకి కాపలాగా వెళ్తే అది కళ్ళ ముందే సబ్ మెరైన్ దెబ్బకి మునిగింది, 1945 ఏప్రిల్లో యమాటో అనే మహా యుద్ధనౌక ఆఖరి ప్రయాణంలో దాని వెంట వెళ్ళిన ఎనిమిది డిస్ట్రాయర్లలో ఇదొకటి, తిరిగొచ్చిన నాలుగింట్లో కూడా ఇదొకటి. కగెరో క్లాస్ ఓడలు మొత్తం 19, యుద్ధం అయ్యేసరికి మిగిలింది ఇదొక్కటే. యుద్ధం తర్వాత గన్లు తీసేసి, పరాయి దేశాల్లో చిక్కుకుపోయిన జపాన్ వాళ్ళని ఇంటికి చేర్చే పని చేసింది. 1947 జులైలో అప్పటి చైనా ప్రభుత్వానికి ఇచ్చేశారు, తర్వాత తైవాన్ కి మారిన ఆ ప్రభుత్వపు నేవీలో టాన్ యాంగ్ అనే పేరుతో చాలా ఏళ్ళు పనిచేసింది. దాని లంగరు, చుక్కాని తిప్పే చక్రం జపాన్ కి తిరిగొచ్చి ఇప్పుడు ఎటజిమాలోని నేవీ స్కూల్లో వున్నాయి.

ఇవన్నీ తెలిశాక ఆ 17 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్కని చేతిలోకి తీసుకోండి, వేరేగా అనిపిస్తుంది.

ప్రశ్న: నేనూ డిస్ట్రాయరే కడుతున్నా. హల్ (ఓడ ఒళ్ళు) పక్కన అతికించే డెకాల్ (స్టిక్కర్ లాంటి ముద్ర) మీద వున్న జపనీస్ అక్షరాలు తల్లకిందులైతే కాలేదు గానీ వరుస మాత్రం వెనక నుంచి ముందుకి వున్నట్టుంది, మా అమ్మాయికి జపనీస్ వచ్చు, తను చదివి చెప్పింది. ప్రింటింగ్ తప్పా? కత్తిరించి సరిచెయ్యాలా?

జవాబు: దయచేసి కత్తిరించకండి! తప్పేం లేదు. ఆ రోజుల్లో జపనీస్ ని అడ్డంగా రాస్తే కుడి నుంచి ఎడమకి రాసేవాళ్ళు, ఓడ పేరు రెండు వైపులా అలాగే వుండేది. ఇప్పటి వాళ్ళు ఎడమ నుంచి చదివితే మీ అమ్మాయికి అనిపించినట్టే అనిపిస్తుంది, తను కరెక్టుగానే చదివింది, ఓడ మీద రాసిన పద్ధతే పాతది.

అయితే అసలు ఆ డెకాల్ పెట్టాలా వద్దా అన్నది మళ్ళీ తేదీ మీదే ఆధారపడి వుంటుంది. పక్కన తెల్లగా పేరు, ముక్కు దగ్గర డివిజన్ నంబరు, ఇవి శాంతికాలం అలంకారాలు. యుద్ధం మొదలయ్యాక శత్రువుకి ఓడ పేరు చెప్పడం దేనికని పెయింట్ కొట్టేశారు. 1940 ఓడకి పెట్టండి, చాలా అందంగా వుంటుంది. 1945 ఓడకి పెట్టకండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తా, ఓడ ముక్కు మీద బంగారు రంగు చామంతి పువ్వు ముద్ర కనపడుతుంది చూడండి, అది బ్యాటిల్ షిప్పులకి (అన్నిటికన్నా పెద్ద గన్లు మోసే యమాటో లాంటివి), క్రూయిజర్లకి (వాటికీ డిస్ట్రాయర్లకీ మధ్య సైజువి), విమానవాహక నౌకలకే. డిస్ట్రాయర్లకి వుండదు. వేరే కిట్ లో మిగిలిన పువ్వు వుంది కదా అని డిస్ట్రాయర్ కి అతికించినవాళ్ళని చూశాను.

ప్రశ్న: పెయింట్ సీసాలు చూస్తే తల తిరుగుతోంది. కురే గ్రే, ససెబో గ్రే, మైజురు గ్రే, యొకొసుకా గ్రే. అన్నీ బూడిద రంగే కదా, ఏదో ఒకటి వేస్తే పోదా?

జవాబు: పక్కపక్కన పెట్టి చూడండి, తేడా వుంది. జపాన్ నేవీకి పెద్ద ఆర్సెనల్స్ నాలుగు, ఆ నాలుగు పేర్లే మీరు రాసినవి. రంగు పేరుకి ఒకటే అయినా ఎక్కడి పెయింట్ అక్కడ కలుపుకునేవాళ్ళు, అందుకని ఒకచోట కొంచెం ముదురు, ఒకచోట కొంచెం నీలం చాయ, అలా వచ్చింది. కిట్లు, పెయింట్లు చేసే తమియా కంపెనీ వాళ్ళు ఈ నాలుగింటికీ విడివిడిగా సీసాలు తెచ్చారు, వాటితో పాటు చెక్క డెక్ కి ఒకటి, లినోలియం (నేల మీద పరిచే మందపాటి షీట్) డెక్ కి ఒకటి.

ఓడని కట్టిన ఆర్సెనల్ రంగు వేస్తే చాలు అని చాలామంది చెప్తారు, సగం నిజం. కట్టిన రోజుకి అది సరే. కానీ ఓడ ఎక్కడ డాక్ లోకి వెళ్తే అక్కడి పెయింటే పడుతుంది కదా, కాబట్టి మీరు అనుకున్న తేదీకి ముందు ఆఖరుసారి ఎక్కడ రిపేర్ కి ఆగిందో చూసుకుని ఆ రంగు వెయ్యండి. అది దొరక్కపోతే కట్టిన ఆర్సెనల్ రంగే వెయ్యండి, ఎవరూ తప్పుపట్టలేరు. పైగా 1/700 లో సీసాలోని రంగు వున్నది వున్నట్టు వేస్తే ఓడ నల్లగా, బరువుగా కనపడుతుంది, దూరంగా వున్న వస్తువు రంగు గాలి వల్ల పలచబడి కనపడుతుంది కాబట్టి చిన్న స్కేల్ కి కొద్దిగా తెలుపు కలపడం నాకు అలవాటు. కొందరికి నచ్చదు, మీరు ఒక ముక్క మీద వేసి చూసుకోండి.

డెక్ సంగతి. బ్యాటిల్ షిప్పులకి చెక్క డెక్, యమాటోకి హినోకి అనే సైప్రస్ చెక్క వాడారు. డిస్ట్రాయర్లకి, క్రూయిజర్లకి ఉక్కు మీద గోధుమరంగు లినోలియం పరిచి ఇత్తడి పట్టీలతో బిగించారు. కిట్ మీద అడ్డంగా సన్నటి గీతలు ఉబ్బెత్తుగా వుంటాయి చూడండి, అవే ఆ పట్టీలు. ముందు డెక్ అంతా లినోలియం రంగు స్ప్రే చేసి, బాగా ఆరాక, మాస్కింగ్ టేప్ సన్నగా కోసి గోధుమరంగు వుండాల్సిన చోట్లు కప్పి, అప్పుడు గ్రే కొట్టండి. తిరగేసి చేస్తే మాస్కింగ్ పని మూడింతలవుతుంది. చివర్లో ఇత్తడి రంగు పెన్సిల్ ని పడుకోబెట్టి ఆ గీతల మీద ఒక్కసారి రాస్తే పట్టీలు మెరుస్తాయి, ఇది ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం.

ప్రశ్న: 1/700 కొనాలా 1/350 కొనాలా? ఒక కిట్ కి అసలు అడుగు భాగమే లేదు, అది లోపమా?

జవాబు: లోపం కాదు, అది వాటర్ లైన్ కిట్. నీటి మట్టం దగ్గర కోసేసినట్టు వుంటుంది, బల్ల మీద పెడితే సముద్రం మీద తేలుతున్నట్టు కనపడాలని అలా చేశారు. 1971లో షిజువోకాలోని నాలుగు కంపెనీలు, తమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి, ఒక ఒప్పందానికి వచ్చి జపాన్ ఓడల్ని పంచుకున్నాయి, నువ్వు ఈ ఓడ చెయ్యి నేను ఆ ఓడ చేస్తా, అందరం 1/700 లోనే చేద్దాం అని. పోటీ కంపెనీలు అలా కూర్చుని మాట్లాడుకోవడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి, దానివల్లే ఇవాళ ఒక నేవీ మొత్తాన్ని ఒకే స్కేల్ లో ఒక అలమరలో పెట్టుకోగలుగుతున్నాం. 1992లో ఫుజిమి విడిపోయి తన సొంత దారిలో 1/700 ఓడలు చెయ్యడం మొదలుపెట్టింది, మిగతా ముగ్గురూ కొనసాగారు.

సైజు లెక్క చూసుకోండి. యమాటో 263 మీటర్లు, 1/700 లో 37 సెంటీమీటర్ల పైచిలుకు, 1/350 లో 75. ఇంట్లో 75 సెంటీమీటర్ల గాజు పెట్టె పెట్టే చోటు వుందా అన్నదే అసలు ప్రశ్న. చోటు లేకపోతే 1/350 లో డిస్ట్రాయరో చిన్న క్రూయిజరో కట్టండి, హసెగావా వాళ్ళ యుకికాజే ఆ స్కేల్ లో 34 సెంటీమీటర్లే, అడుగు భాగంతో సహా వస్తుంది, ప్రొపెల్లర్లు కనపడతాయి.

ప్రశ్న: నా దగ్గర రెండు వేర్వేరు కంపెనీల యమాటో కిట్లు వున్నాయి, ఒకే స్కేల్. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా లేవు, గన్లు తేడా, వెనక భాగం తేడా. ఇంత పేరున్న ఓడకి కూడా ఖచ్చితమైన ప్లాన్లు లేవా? ఏది నమ్మాలి?

జవాబు: నేను ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న ప్రశ్న ఇది. గన్ల తేడా ముందు చెప్తా, అది తప్పు కాదు, తేదీ. 1941 డిసెంబర్లో యమాటో నేవీలో చేరినప్పుడు దానికి 46 సెంటీమీటర్ల గన్లు తొమ్మిదీ కాక 15.5 సెంటీమీటర్ల మూడు గొట్టాల టరెట్లు నాలుగున్నాయి, ముందొకటి, వెనకొకటి, రెండు పక్కలా ఒక్కోటి. 1944లో ఆ పక్కల రెండూ తీసేసి విమానాల్ని కొట్టే 12.7 సెంటీమీటర్ల జంట గన్లు 6 నుంచి 12కి పెంచారు, 25 మిల్లీమీటర్లవి అయితే ఎక్కడపడితే అక్కడ. మీ కిట్లలో పక్క టరెట్లు వున్నది మొదటి రోజుల యమాటో, లేనిది చివరి యమాటో. చెల్లెలు ముసాషికి కూడా పక్క టరెట్లు తీశారు గానీ 12.7 గన్లు సమయానికి అందలేదు, వాటి చోట 25 మిల్లీమీటర్లవే పెట్టి పంపారు, 1944 అక్టోబర్లో అలాగే మునిగింది. అందుకే యమాటో కిట్ కి పేరు మార్చి ముసాషి అంటే కుదరదు.

ఇక మిగతా తేడాలు. ఈ ఓడలు ఎంత రహస్యంగా కట్టారంటే నాగసాకిలో ముసాషి కడుతున్న చోటు కనపడకుండా తాటి నార లాంటి పీచుతో అల్లిన పెద్ద పెద్ద తెరలు కట్టారు, దాంతో ఆ ప్రాంతం జాలర్లకి తాళ్ళకి ఆ పీచు దొరక్కుండా పోయింది. 46 సెంటీమీటర్ల గన్లని కాగితాల మీద 40 సెంటీమీటర్లవి అని రాసుకున్నారు, సొంత నేవీలో కూడా చాలామందికి అసలు కొలత తెలీదు. 1945 ఆగస్టులో ఓడిపోగానే ప్లాన్లు, ఫోటోలు చాలావరకు తగలబెట్టేశారు. మిగిలినవి కొద్ది ఫోటోలు, 1941 సెప్టెంబర్లో కురేలో పూర్తవుతుండగా తీసినదొకటి, ట్రయల్స్ లో తీసినదొకటి, తర్వాత అమెరికా విమానాల్లోంచి తీసినవి. ఫోటోలో కనపడని చోట కిట్ తయారుచేసేవాళ్ళు అప్పటికి దొరికిన ఆధారాలతో ఊహించాల్సిందే. 1985లో సముద్రం అడుగున అది యమాటోనే అని తేల్చారు, ఓడ రెండు పెద్ద ముక్కలై దాదాపు 350 మీటర్ల లోతులో వుంది. 1999లో, 2016లో మళ్ళీ దిగి కొత్తగా చిత్రాలు తీశారు, తీసిన ప్రతిసారీ ఏదో ఒక ఊహ మారింది.

కాబట్టి పాత కిట్ అబద్ధం కాదు, అది అప్పటికి తెలిసిన నిజం. తమియా 1/350 యమాటో 1978లో వచ్చింది, అదే స్కేల్ లో మొత్తం కొత్తగా 2011లో మళ్ళీ తెచ్చారు, 33 ఏళ్ళలో తెలుసుకున్నదంతా రెండో దాంట్లో వుంది. అసలు తమియా వాళ్ళ మొట్టమొదటి ప్లాస్టిక్ కిట్ కూడా యమాటోనే తెలుసా, 1960లో, 1/800 స్కేల్. అంతకుముందు వాళ్ళు చెక్క మోడల్స్ చేసేవాళ్ళు. ఆ కిట్ సరిగ్గా అమ్ముడుపోలేదు, వేరే కంపెనీ ఇంకా తక్కువ ధరకి యమాటో తెచ్చింది. ఆ నష్టం తర్వాత వాళ్ళు ట్యాంకుల వైపు వెళ్ళి నిలదొక్కుకున్నారు.

ఎప్పుడైనా జపాన్ వెళ్తే కురేలో యమాటో మ్యూజియం చూడండి, 2005లో తెరిచారు, అందులో 1/10 మోడల్ వుంది, 26.3 మీటర్లు. కొత్త కిట్ ఒకటే కొనుక్కునే వీలుంటే ఆలస్యంగా వచ్చినదే కొనండి. రెండూ వున్నాయి కాబట్టి మీరు మాత్రం రెండూ కట్టండి, ఒకటి 1941, ఒకటి 1945.

ప్రశ్న: ఇత్తడి రెయిలింగులు, మాస్టుల మధ్య తీగలు పెడితేనే ఓడ అని మా గ్రూపులో అంటున్నారు. ఇది నా రెండో కిట్. పెట్టగలనా?

జవాబు: పెట్టగలరు, కానీ రెండో కిట్ కి నేనైతే వద్దంటాను. స్కేల్ అంటే ఏంటో ఒకసారి చూడండి, 1/700 లో ఒక మిల్లీమీటర్ అంటే నిజం ఓడ మీద 70 సెంటీమీటర్లు. మనిషి రెండున్నర మిల్లీమీటర్లు కూడా వుండడు. 25 మిల్లీమీటర్ల గన్ గొట్టం లోపలి రంధ్రం నిజమైన స్కేల్ లో చెయ్యాలంటే 0.04 మిల్లీమీటర్ల లోపే, తల వెంట్రుక కన్నా సన్నం. అంటే కిట్ లో వచ్చే ప్రతి గన్ అసలు కన్నా ఎన్నో రెట్లు లావే, అది ఎవరి చేతకానితనమూ కాదు. అంచులు శుభ్రంగా గీకి, జాయింట్లు కనపడకుండా, పెయింట్ పలచగా వేసిన మామూలు ఓడ, జిగురు మరకలతో ఇత్తడి తగిలించిన ఓడ కన్నా వందరెట్లు బావుంటుంది. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయినా పెట్టాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, మామూలు ప్లాస్టిక్ సిమెంట్ ప్లాస్టిక్ ని కరిగించి అతికిస్తుంది, లోహాన్ని కరిగించలేదు కాబట్టి ఇత్తడికి సూపర్ గ్లూనే కావాలి. ఆ గ్లూ ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది. నా రెండో ఓడ ఒక క్రూయిజర్, రాత్రంతా కూర్చుని చుట్టూ రెయిలింగ్ అతికించి, దుమ్ము పడకుండా వుంటుందని ఒక డబ్బా బోర్లించి పడుకున్నా. పొద్దున తీసి చూస్తే డెక్ మొత్తం తెల్లగా పొగపట్టినట్టు అయిపోయింది, బయటికి పోలేని ఆవిరంతా పెయింట్ మీదే పేరుకుంది. నెలన్నర కష్టం. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నా, తర్వాత మళ్ళీ మాస్కింగ్ చేసి రంగంతా వేశాను. అందుకని గ్లూ అతి కొద్దిగా, సూది మొనతో పెట్టండి, ఆరేదాకా గాలి తగలనివ్వండి. మీరు కూడా కిటికీ తెరిచి కూర్చోండి, లాకర్ పెయింట్ స్ప్రే చేస్తే మాస్క్ తప్పనిసరి.

తీగలకైతే ఖర్చే లేదు. మిగిలిపోయిన స్ప్రూ (కిట్ పార్టుల్ని పట్టి వుంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కని కొవ్వొత్తి మంటకి కొంచెం పైన తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే మంట నుంచి పక్కకి తీసి, రెండు చేతులతో మెల్లగా లాగితే దారం లాగా సాగుతుంది. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. పది సార్లు పాడవుతుంది, పదకొండోసారి వస్తుంది. పది సెంటీమీటర్ల ముక్కలు కోసి పెట్టుకుని, రెండు కొసలా చుక్కంత గ్లూతో అతికించండి. అన్నీ పూర్తయ్యాక, డెకాల్స్ కూడా అయ్యాక, ఆఖర్న పెట్టండి, ముందే పెడితే చెయ్యి తగిలి తెగుతాయి.

జెండా కూడా ఆఖర్నే. కిరణాలున్న నేవీ జెండాలో ఎర్ర సూర్యుడు సరిగ్గా మధ్యలో వుండడు, కర్ర వైపుకి జరిగి వుంటాడు, అతికించేటప్పుడు తిరగబడకుండా చూసుకోండి. ఓడ రేవులో ఆగి వున్నట్టు కడితే వెనక కర్రకి, సముద్రం మీద వెళ్తున్నట్టు కడితే మాస్టుకి.

ప్రశ్న: మా అమ్మమ్మ 1942లో జపాన్ బాంబులు పడ్డ రోజు గురించి చెప్తుండేది, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయిందని, తను చిన్నపిల్లగా వాళ్ళ నాన్న భుజాల మీద వెళ్ళిందని. ఆ విమానాలు ఏ ఓడ మీద నుంచి వచ్చాయి? దానికి కిట్ వుందా? వుంటే అలాంటి ఓడని ఇంట్లో కట్టి పెట్టుకోవడం సబబేనా, నిజాయితీగా చెప్పండి.

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ ఓడ పేరు ర్యూజో, చిన్న విమానవాహక నౌక. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేసిన విమానాలు దాని మీద నుంచి లేచినవే. అడ్మిరల్ ఒజావా కింద ఐదు భారీ క్రూయిజర్లు, ర్యూజో కలిసి బంగాళాఖాతంలోకి వచ్చి కొద్ది రోజుల్లో 20 వాణిజ్య నౌకల దాకా ముంచేశారు. ముందు రోజే, ఏప్రిల్ 5న, పెద్ద విమానవాహక నౌకలు కొలంబో మీద దాడి చేశాయి, 9న ట్రింకోమలీ మీద.

కట్టడం సబబా అంటే, నా మటుకు నేను కట్టాను, మా ఇంట్లో వుంది. దాన్ని పొగడటానికి కట్టలేదు. మీ అమ్మమ్మ చెప్పినలాంటి కథలు విన్నవాణ్ణి కాబట్టి ఆ విమానాలు ఎక్కడి నుంచి లేచాయో కళ్ళతో చూడాలనిపించింది. చూస్తే ఆశ్చర్యం వేసింది, ఎంత చిన్న ఓడ! 180 మీటర్లు, 1/700 లో జానెడు కన్నా కాస్త పొడవు. నేవీల సైజుకి హద్దులు పెట్టిన అంతర్జాతీయ ఒప్పందాల్లో పది వేల టన్నుల లోపు విమానవాహక నౌకలు లెక్కలోకి రావని చిన్నదిగా మొదలుపెట్టారు, 1930 లండన్ ఒప్పందంతో ఆ సందు మూసుకుపోయింది, ఎక్కువ విమానాలు పట్టాలని ఇంకో అంతస్తు హ్యాంగర్ (విమానాలు పెట్టే గది) పైన వేశారు. దాంతో పైబరువు ఎక్కువై రెండుసార్లు మార్పులు చేయాల్సి వచ్చింది. మోడల్ ని ముందు నుంచి చూస్తే ఆ సన్నటి హల్ మీద అంత ఎత్తు పెట్టె ఎలా నిలబడిందా అనిపిస్తుంది.

మీకు నచ్చకపోతే మానెయ్యండి, అది కూడా పూర్తిగా న్యాయమైన నిర్ణయమే, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కట్టాలనుకుంటే ఫుజిమి వాళ్ళది 1/700 లో వుంది, మొదటి మార్పు తర్వాతది, రెండో మార్పు తర్వాతది అని రెండు రకాలు. 1936లో ముక్కు దగ్గర డెక్ ని ఒక అంతస్తు ఎత్తు పెంచారు, కాబట్టి మీ అమ్మమ్మ చూసిన రోజుకి రెండో మార్పు తర్వాతదే కావాలి. ఈ ఓడకి డెక్ మీద టవర్ లాంటిది వుండదు, బ్రిడ్జి అంతా ఫ్లైట్ డెక్ ముందు అంచు కింద కిటికీల వరుసలా వుంటుంది, అందుకని అది, దాని కింద స్తంభాలు, పక్కనున్న పొగగొట్టాలు అన్నీ రంగులేసి ఆరాకే ఫ్లైట్ డెక్ మూత వెయ్యండి, తర్వాత బ్రష్ దూరదు. డెక్ చెక్కలు పొడవునా వుంటాయి, అడ్డంగా కాదు.

విమానాల దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. జపాన్ విమానం అనగానే జీరో అనే ఫైటర్ గుర్తొస్తుంది, పెట్టెలో వుంటే పెట్టేస్తారు. ర్యూజో మీదకి జీరోలు ఆ దాడి తర్వాతే వచ్చాయి, 1942 జూన్లో అలూషియన్ దీవుల్లో కూలి అమెరికా వాళ్ళకి దొరికిన ప్రసిద్ధ జీరో ఈ ఓడదే. ఏప్రిల్లో మాత్రం దాని మీద వున్నవి పాత 96 టైప్ ఫైటర్లు, చక్రాలు లోపలికి ముడుచుకోనివి, ఇంకా బాంబులు మోసే మూడు సీట్ల నకజిమా 97 టైప్ విమానాలు. అవి విడిగా దొరుకుతాయి, ఫైటర్ రెక్కలు ఈ స్కేల్ లో ఒకటిన్నర సెంటీమీటర్ల పైన, బాంబర్ వి రెండుంబావు సెంటీమీటర్ల లోపు. బాంబర్లని వెనక వైపు దగ్గర దగ్గరగా, ఫైటర్లని వాటికి ముందు నిలబెట్టండి, బరువు విమానాలకి పరుగెత్తడానికి ఎక్కువ డెక్ కావాలి కాబట్టి అవి ఎప్పుడూ వెనకే వుండేవి.

నాలుగు నెలలు తిరిగేసరికి, 1942 ఆగస్టు 24న, సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానవాహక నౌక సారటోగా విమానాలు ఆ ఓడని ముంచేశాయి. పూర్తి చేస్తే ఒక ఫోటో పంపండి, మీ అమ్మమ్మ చెప్పిన మాటలు కూడా గుర్తున్నంతవరకు రాసి పంపండి, రెండూ కలిపి ఇదే కాలమ్ లో వేస్తాను.